ముక్కు ఒక్కటే ఎర్రబడలేదు

సోలాపూర్ నీలం నగర్‌లో ఆ వారం ఎవరు ఎవరికి ఎదురుపడినా తిన్నావా, బాగున్నావా అనే పలకరింపులు పోయి ఒకటే ప్రశ్న మిగిలింది. నీది ఏ తోలు? బీడీల చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు అదే అడిగేవారు. నల్లా దగ్గర బిందెల వరసలో నిలబడ్డవాళ్లు అదే అడిగేవారు. కుంభారి కొత్త కాలనీకి మారిపోయిన పాత ఇరుగుపొరుగు కూడా బస్సెక్కి వచ్చి మరీ తమ తోలు సంగతి తేల్చుకుని వెళ్లారు. ఈ గోలంతటికీ కారణం సాంచల రాజారాం కూతురు ఋతుజ.

ఋతుజ పార్లర్ కోర్సు పూర్తి చేసి, తండ్రిని బతిమాలి, నూలు మూటలు పెట్టుకునే ముందు గదిని ఖాళీ చేయించుకుంది. ఒక అద్దం, ఒక వాలు కుర్చీ, ఒక బేసిన్, అంతే సరంజామా. వెనక గోడకు ఆనుకునే రాజారాం సాంచలు, అంటే టావెళ్లు నేసే మరమగ్గాలు, పొద్దంతా మోగుతుంటాయి. ఆ మోతకు అద్దం వణుకుతుంది, గట్టిగా అరిస్తే తప్ప మాట వినబడదు. అయినా ఆ పిల్లకు ఉత్సాహం వచ్చిందంటే ఆపడం బ్రహ్మతరం కాదు. పార్లర్ అంటే ఏదో ఒకటి పూసి పంపడం కాదని, ముందు ఎవరి చర్మం ఏ రకమో తెలియాలని వచ్చినవాళ్లందరికీ అరిచి మరీ చెప్పింది.

పరీక్ష తేలికైనదే. ముఖం కడుక్కుని, మెత్తగా అద్దుకుని, పౌడర్ కూడా రాయకుండా ఒక గంట ఊరికే కూర్చోవాలి. తర్వాత పలచటి కాగితం ముక్కను నుదుటికి, ముక్కుకు, చెంపలకు ఒత్తి చూడాలి. అన్నిచోట్లా నూనె మరక పడితే జిడ్డు తోలు. ఎక్కడా పడకుండా ముఖం బిగుసుకున్నట్టుంటే పొడి తోలు. నుదురు, ముక్కు మరక పెట్టి చెంపలు ఊరుకుంటే కలగలుపు తోలు. ఈ మూడింటిలో ఎవరికైనా పైనుంచి ఇంకో గుణం ఉండవచ్చు. ఏది తగిలినా మంట, దురద అంటూ ఉలిక్కిపడే ఆ గుణానికి ఋతుజ ఉలుకు తోలు అని పేరు పెట్టింది. కోర్సులో వేరే పేర్లు నేర్పారు గానీ వాడకట్టుకు ఈ పేర్లే నచ్చాయి.

ఇక సలహాల వాన కురిసింది. జిడ్డు తోలువాళ్లు సబ్బుతో మాటిమాటికీ తోముకుంటే చర్మం పంతానికి పోయి ఇంకా నూనె ఊరుస్తుందని ఋతుజ చెప్పగానే, ఒకావిడ తను అరగదీసిన సబ్బులన్నీ గుర్తుచేసుకుని లెంపలు వేసుకుంది. పొడి తోలువాళ్లు మరిగే నీళ్లు మానాలని, ముఖం తడి ఆరకముందే క్రీము రాసుకోవాలని చెప్పింది. ఎండకు మాత్రం రకాలతో పనిలేదు, సోలాపూర్ ఎండ అందరినీ ఒకేలా కాలుస్తుంది కాబట్టి బయటికి పోయే ప్రతివాళ్లూ సన్‌స్క్రీన్ రాసుకోవాల్సిందేనని తేల్చింది. వినేవాళ్లు నవ్వారు, వెక్కిరించారు, మర్నాడు ముఖం కడుక్కుని మళ్లీ వచ్చారు.

ఇదంతా సరే, అసలు పరీక్ష ఋతుజకు ముందుంది. వెనక సందులో ఉండే ఆరతికి ఆదివారం పెళ్లి. ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్నారు. ఋతుజ చేతుల మీదుగానే తయారవుతానని ఆరతి పట్టుబట్టింది. ఆమె తల్లి భాగ్యలక్ష్మి మాత్రం సగం మనసుతో ఒప్పుకుంది. తమ పెళ్లిళ్లలో అందరికీ ఒకటే శెనగపిండి, ఒకటే పసుపు పూశారని, ఎవరి తోలూ ఊడి కింద పడలేదని ఆవిడ వాదన. బుధవారం ఒకసారి చేసి చూపించు, ముఖం బాగుంటే పెళ్లినాటి పని నీదే, లేదంటే బజారులో పార్లర్ నడిపే మరాఠీ ఆవిడను, ఆ పార్లర్ బాయిని పిలుస్తానంది. ఇటు రాజారాం కూడా గది ఇచ్చిననాడే ఒక మాట చెప్పి ఉన్నాడు. మొదటి పెళ్లికూతురు మెచ్చుకుంటే గది ఋతుజది, లేకపోతే నూలు మూటలది. అందుకని ఋతుజకు ఆ వారం తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు, కాళ్లు నేల మీద నిలవలేదు.

జాగ్రత్తలో మాత్రం లోపం చేయలేదు. ఆరతిది కలగలుపు తోలని కాగితం చెప్పింది. ఉలుకు తోలు కూడానని చెవులు చెప్పాయి, గిల్టు కమ్మలు పెట్టుకుంటే ఆ పిల్ల చెవులు వాచిపోతాయి. అందుకని వాడబోయే ప్రతి క్రీమునూ ముందురోజే చెవి వెనక రవంత రాసి చూసింది. దురద పెట్టినవి తీసి అవతల పెట్టింది. మిగిలినవాటితో బుధవారం పొద్దున ఆరతిని కుర్చీలో పడుకోబెట్టింది.

అప్పుడు రాజారాం వచ్చాడు. సాంచ మీద నుంచి అప్పుడే కోసి తెచ్చిన రాణీ రంగు టావెల్‌ను రెండు చేతుల్లో పట్టుకుని, పూజకు పువ్వులు తెచ్చినట్టు తెచ్చాడు. నేతవాళ్ల ఇళ్లలో అది మర్యాద. ఉతికిన టావెల్ ఇంట్లోవాళ్లకు, మడత విప్పని కొత్తది వచ్చినవాళ్లకు. ఇక్కడి పెళ్లిళ్లలో పెద్దమనుషుల నెత్తిన టోపీ పెట్టి, భుజాన టావెల్ వేస్తారు కదా, అది గంజితో ఫెళఫెళలాడకపోతే చిన్నతనంగా ఉంటుంది. ఋతుజ పుట్టిన దగ్గరినుంచి చూసింది ఇదే. సంతోషంగా అందుకుని, వేడినీళ్లలో ముంచి, పిండి, ఆరతి ముఖమంతా కప్పింది. ఊపిరికోసం ముక్కు మాత్రం వదిలింది. బేసిన్‌లో నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. సాంచలున్న ఇంట్లో నీళ్లు రంగు తిరగడం ఎవరికీ వింత కాదు కాబట్టి ఆమె కళ్లు దాన్ని చూసీ చూడలేదు. కాసేపాగి టావెల్ తీసేసి, ముఖానికీ ముక్కుకూ మెడకూ క్రీము రాసింది.

గురువారం తెల్లారేసరికి ఆరతి ముఖం మిరపపండు అయింది. నుదురు, చెంపలు, గడ్డం ఎర్రగా పొంగి, మంట, దురద. భాగ్యలక్ష్మి ఋతుజ గుమ్మంలో నిలబడి వాడకట్టంతా వినేలా కడిగేసింది. ఒక్క మొఖం సంగతే తెలియనిదానివి వాడకట్టు మొఖాలన్నిటికీ పేర్లు పెట్టినవా అని అడిగింది. బజారు పార్లర్ బాయికి అక్కడి నుంచే ఫోన్ చేసింది. ఋతుజకు సిగ్గుకన్నా భయం ఎక్కువ వేసింది, ఆరతి ముఖానికి ఏమవుతుందోనని.

పిల్లను స్కూటీ మీద ఎక్కించుకుని నేరుగా చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ చూసి, ఏదో పడనిది తగిలిందని, రెండుమూడు రోజుల్లో తగ్గుతుందని చెప్పింది. తగ్గేదాకా చల్లని నీళ్లు, తను రాసిచ్చిన మందు తప్ప ఇంకేమీ ముట్టించవద్దంది, పెళ్లికి ముందురోజు హల్దిలో పూసే పసుపు కూడా. ఏమేం తగిలాయో ఆలోచించుకుని, ఆ తగిలినదాన్ని కనిపెట్టి మానేయమంది. ఋతుజ క్రీముల పేర్లన్నీ అప్పజెప్పింది. అన్నీ పరీక్షించినవే. మరి తప్పు ఎక్కడ జరిగింది?

తిరిగి వస్తుంటే అక్కల్‌కోట్ రోడ్డు మీద స్కూటీ అద్దంలో ఆరతి ముఖం కనబడింది. ఏడ్చి ఏడ్చి ఉన్న ఎర్రటి ముఖం మధ్యలో ముక్కు మాత్రం ఎప్పటి రంగులోనే ఉంది. ఋతుజ ఉన్నపళంగా బండి పక్కకు ఆపింది.

"ఆరతీ, నీ ముక్కు జూడు."

"ముక్కుకు గూడ వచ్చిందానె?"

"రాలేదు. ముక్కు ఒక్కటే ఎర్రగ కాలేదు. మెడ గూడ మంచిగనే ఉన్నది. క్రీము ముక్కుకు రాసిన, మెడకు రాసిన. ముక్కుకు తగలంది ఏంది? టావెల్."

ఏడుస్తున్న పెళ్లికూతురి ముందు నవ్వకూడదని ఋతుజకు తెలుసు. అయినా నవ్వు ఆగలేదు. గంజి, రంగు, పైనుంచి వేడినీళ్లు. ఊళ్లో ఉన్న క్రీములన్నిటినీ అనుమానించింది గానీ సొంత సాంచ మీది టావెల్‌ను అనుమానించాలని నేతవాళ్ల పిల్లకు ఎలా తోస్తుంది? రోడ్డు పక్కన ఆరతి రెండు చేతులూ పట్టుకుని గుండ్రంగా తిప్పింది. ఆరతి ఏడుపు ఆపి, ఇది పిచ్చిదైపోయిందా అన్నట్టు చూసి, అర్థమయ్యాక తనూ నవ్వింది. ఇంటికి పోగానే తన మోచేతి దగ్గర కొత్త టావెల్ ముక్క ఒకటి, ఉతికిన టావెల్ ముక్క ఒకటి తడిపి కట్టి చూడమని తనే అంది. శుక్రవారం పొద్దునకల్లా కొత్త ముక్క కింద ఎర్రటి మచ్చ తేలింది. ఉతికిన ముక్క కింద ఏమీ లేదు.

ఆ సంబరం తండ్రి ముందుకు వెళ్లేదాకానే నిలిచింది. కాకిపిల్ల కాకికి ముద్దు, రాజారాంకు తన టావెల్ అంతకన్నా ముద్దు. కూతురు చెప్పింది విని సాంచలన్నీ ఆపేశాడు. ఆ ఇంట్లో పగటిపూట సాంచలు ఆగితే వాడకట్టు ఏం జరిగిందోనని తొంగిచూస్తుంది. తన టావెల్ ఊళ్లకు ఊళ్లు పోతుందని, ఇంతవరకు ఒక్క ముఖమూ కాలలేదని, పని రాకపోతే రాలేదని ఒప్పుకోవాలి గానీ తండ్రి చేతి నేత మీదికి నెట్టకూడదని అన్నాడు. మచ్చ చూపిస్తే చూడనన్నాడు. ఋతుజకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. నిజం చెబితే తండ్రి పేరు పోతుంది. ఆరతి పెళ్లిలో పెద్దలకు కప్పే టావెళ్లన్నీ రాజారాం నేసినవే. చెప్పకపోతే పార్లరూ పోతుంది, ఆరతీ చేజారుతుంది.

శనివారం హల్ది. ఆరతి ముఖం మీది ఎరుపు సగం తగ్గింది గానీ భాగ్యలక్ష్మి కోపం తగ్గలేదు. బజారు పార్లర్ బాయి పెట్టె సర్దుకుని వచ్చి ఒక పక్కన కూర్చుంది. ముత్తైదువలు పసుపు గిన్నెతో లేచేసరికి ఋతుజ జనంలోంచి తోసుకుని వెళ్లి, ముఖానికి వద్దు, కాళ్లకూ చేతులకూ పూయండి, డాక్టరమ్మ చెప్పిందని అడ్డం నిలబడింది. మరి మొన్న నువ్వేం పూసినవో అది చెప్పు అని భాగ్యలక్ష్మి నిలదీసింది. ఋతుజ నోరు తెరిచింది. ఎదురుగా మూలన తండ్రి నేసిన టావెళ్ల కట్టలు, వాటి మీద తెల్ల టోపీలు కనబడ్డాయి. తెరిచిన నోరు మూసేసింది.

సరిగ్గా అప్పుడే రాజారాం వచ్చాడు. భుజాన కొత్త టావెల్, వెనకాల భార్య చంద్రభాగ. కూతురు ఈపాటికి అంతా చెప్పేసి ఉంటుందని అతని లెక్క. పందిరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"నా బిడ్డ నా టావెల్ మీద నింద ఏస్తుంది. గందుకే నిన్న నేనే గీ టావెల్‌ను వేడినీళ్లల్ల ముంచి మొఖానికి కట్టుకున్న. చూడున్రి. ఏమన్న అయ్యిందా?"

అందరూ చూశారు. ఎప్పటిలాగే నున్నగా, నల్లగా, ఠీవిగా ఉంది ముఖం. ఆరతి మోచేతి మచ్చ చూపించబోయినా ఎవరూ ఆ వైపు చూడలేదు. ఋతుజ గుండె జారిపోవలసిన సమయం అది. కానీ ఆ పిల్లకు ఒళ్లంతా ఉత్సాహం పొంగుకొచ్చింది. వారం రోజులుగా ఆమె గొంతు చించుకుని చెబుతున్నదాన్ని తండ్రి ఇంతమంది ముందు తన ముఖంతో చూపించాడు.

"నేను చెప్పేది గదే నాయినా. టావెల్ ఒకటే, మొఖాలు రెండు. నీ తోలు గంజిల, రంగుల నానింది, దానికి ఏం గాదు. ఆరతిది ఉలుకు తోలు. టావెల్‌ది తప్పు లేదు. ఉతకకుండ కట్టిన నాది తప్పు."

భాగ్యలక్ష్మికి ఆ మాట గుచ్చుకుంది. అందరి ముఖాలూ మంచివే గానీ తన కూతురి ముఖంలోనే లోపముందా, మగపెళ్లివాళ్ల చెవిన పడితే ఏమంటారు అని గొంతు పెంచింది. పెంచి, ఏడ్చేసింది. పందిరి అంతా చప్పబడిపోయింది. పార్లర్ బాయి కూడా ఎటు చూడాలో తెలియక పెట్టె మూత సర్దుకుంది.

చంద్రభాగ ముందుకొచ్చింది. వాడకట్టులో ఆవిడ గొంతు పైకి విన్నవాళ్లు తక్కువ. పొద్దంతా వాకిట్లో బీడీలు చుట్టుకుంటూ, ఎవరేమన్నా తలూపి ఊరుకునే మనిషి. భాగ్యలక్ష్మి పక్కన కూర్చుని చేయి పట్టుకుంది.

"నీ బిడ్డ మొఖంల ఏం లోపం లేదు వదినా. నాది గూడ గసొంటి తోలే. పెండ్లైనకాడి సంది కొత్త టావెల్ తగిలితె నాకు దద్దుర్లు లేస్తయి. మూడు నీళ్లల్ల ఉతికినంకనే ఒంటికి పెట్టుకుంట."

చేతులు చూపించింది. ఆ మణికట్ల దగ్గరి మచ్చలు అందరూ ఎప్పుడూ చూస్తున్నవే. పొగాకు మచ్చలనుకున్నారు. ఋతుజ కూడా అలాగే అనుకుంది. వాడకట్టులో ప్రతి ముఖానికీ కాగితం ఒత్తి చూసిన పిల్ల, కన్నతల్లి ముఖానికి ఒత్తి చూడలేదని అప్పుడు తట్టింది. ఇంట గెలిచి రచ్చ గెలవమని ఊరికే అనలేదు పెద్దలు. ఆ పిల్ల కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి.

రాజారాం భుజం మీది టావెల్‌ను చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని చూశాడు, భార్యను చూశాడు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు నేసింది నాకు పడదని నా నోటితోని ఎట్ల చెప్పాలె?"

పక్కనుంచి ఒక ముసలామె, తనకూ కొత్త చద్దర్ కప్పుకుంటే రాత్రంతా గోకుడేనని ఒప్పుకుంది. ఇంకొకామె తనకు నడుము దగ్గర అంది. ఇక గేటు తెరిచినట్టయింది. నేతగాళ్ల పెళ్లాలందరూ తలా ఒక గుట్టూ విప్పారు, మగవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఏడుస్తున్న భాగ్యలక్ష్మికి నవ్వొచ్చింది. ఉలుకు తోలు తన కూతురి ఒక్కదానిదే కాదు, సగం వాడకట్టుది. బజారు పార్లర్ బాయి మరాఠీలో మంచి మాటే చెప్పింది. ఈ ముఖాన్ని ఈరోజు ముట్టుకోకపోవడమే మేలని, రేపటికి ఈ అమ్మాయే చూసుకోగలదని చెప్పి లేచింది.

"ఋతూ," అంది భాగ్యలక్ష్మి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఇప్పుడు ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు."

ఏం చేయాలో ఋతుజ చెప్పింది, చేయకూడనివి అంతకన్నా ఎక్కువ చెప్పింది. పసుపు పాదాలకు, చేతులకు పూశారు. ముఖానికి చల్లటి నీళ్లు, డాక్టరమ్మ మందు. అంతే. ఎవరు ప్రేమగా ఏం పూయబోయినా ఋతుజ వాళ్ల చేయి పట్టుకుని ఆపింది.

ఆదివారం పొద్దున ఆరతి కుర్చీలో కూర్చునేసరికి ఎరుపు పోయింది. ఒక చెంప మీద నీడలాంటిది మిగిలింది, అంతే. ఋతుజ నుదుటికీ ముక్కుకూ పలచగా, చెంపలకు కాస్త తడి ఎక్కువగా, దేన్నీ రుద్దకుండా, అన్నీ అద్ది అద్ది పని చేసింది. గుమ్మం నిండా ఆడవాళ్లు ఎగబడ్డారు. సాంచలు ఆరోజు ఆపేసినందుకు వాళ్ల గుసగుసలన్నీ వినబడుతున్నాయి. ఆరతి లేచి అద్దంలో చూసుకుని, చాలాసేపు చూసుకుని, ఇది నేనే గదనే అంది. భాగ్యలక్ష్మి వచ్చి ఋతుజ రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది. బాజాలు మోగాయి. పెళ్లికూతురి వెంట సందు సందంతా మంగళ కార్యాలయానికి, అంటే పెళ్లి మంటపానికి కదిలింది. పోతూ పోతూ ఒకామె తన కూతురి పెళ్లి రోజు కూడా చెప్పి పోయింది.

గది నిలిచింది. ఋతుజ ఒంటరిగా అద్దం ముందు నిలబడి, గాలిలో తేలుతున్నట్టు ఉండి, తనలో తనే నవ్వుకుంది. పెళ్లికి పోవడానికి చీర కట్టుకోవాలని కూడా తోచలేదు.

అప్పుడు రాజారాం భార్యను వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. ఇద్దరూ పెళ్లికి తయారై ఉన్నారు. అతను కుర్చీ చూపించాడు.

"మీ అమ్మను కూసుండబెట్టు. ఈమెది ఏ తోలో జూడు. ఇన్నేండ్లు నాకు ఎరుక లేకపాయె."

చంద్రభాగ సిగ్గుపడింది. ఇప్పుడేం తమాషా, పెళ్లికి పోవాలి అంది. ముహూర్తానికి ఇంకా టైముంది అన్నాడతను. ఋతుజ తల్లిని కూర్చోబెట్టి, పౌడరూ అదీ పోయేలా మెల్లగా ముఖం కడిగి, పాత మెత్తటి ధోవతి గుడ్డతో అద్దింది. ఇక గంటసేపు ఏమీ రాయకుండా ఊరికే కూర్చోవాలని చెప్పింది. పౌడర్ లేని తల్లి ముఖం మీది తోలు కిటికీ వెలుతురులో ఎంత పలచగా ఉందో ఆ పిల్ల అప్పుడే చూసింది.

చంద్రభాగ రెండుసార్లు లేవబోయింది. బాజాల చప్పుడు దూరమవుతోందంది, అందరూ అడుగుతారంది.

"అడగనీ," అన్నాడు రాజారాం. "పిల్ల గంట ఆగుమన్నది. ఆగుదాం."

స్టూల్ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆమె తల దించుకుంది. అతను మాత్రం ఆ గంటసేపూ ఆమె ముఖం వైపే చూస్తూ కూర్చున్నాడు.